అడ్డం నమిలేది

దూది అని పేరు పెట్టింది రుత్విక.
కొత్తవాడల మా ఇంట్ల
మగ్గం గుంత పక్కన
రంగు నూలు చిలపల నడుమ
రంగెక్కని ముద్ద అదొక్కటే.

ఏం తక్కువ చేసినం దానికి?
ఓదెలు, నా బావమరిది,
ఎనుమాముల మార్కెట్ల బస్తాలు మోసి
పొద్దుమూకినంక వచ్చేటోడు,
అంగీ జేబుల గుప్పెడు ఎండు మక్కలు.
దుకాణంల కొన్న గట్టి బిళ్ళలు వేరే,
డబ్బా మీద నవ్వే కుందేలు బొమ్మ.
"కొరికే జాతి గద బావా,
గట్టియి పెడితేనే పండ్లు అరుగుతయి" అన్నడు.
నిజమే అనిపించింది.
కత్తి సానరాయి మీదనే గద పదునెక్కేది.
అది మక్క కొరికితే
కటుక్కుమనేది.
ఆ చప్పుడుకు ముగ్గురం నవ్వేటోళ్ళం.

ముందుగాల గదుమ తడిసింది.
నీళ్ళు తాగిందనుకున్నం.
మక్క నోట్లకు తీసుకునేది, కిందేసేది,
మళ్ళ తీసుకునేది, కిందేసేది.
ఆడుకుంటుందనుకున్నం.
శనిగలంత ఉండే పెంటికలు
మిరియాలంత అయినయి.
రుత్విక వాటిని లెక్కబెట్టింది.
నేను కరీంనగర్ సేటుకు ఇయ్యాల్సిన
జమఖానాలు లెక్కబెట్టుకుంటున్న.

నొప్పిని అరిచి చెప్పే నోరు కాదది.
అడవిల అరిస్తే నక్క వింటది.
అందుకే మూలకు ముడుచుకొని
కండ్లు సగం మూసి
బాగున్నట్టు కూసుంటది.

హన్మకొండ పశువుల దవాఖాన.
ఓ దిక్కు బర్రె, ఓ దిక్కు కుంటి మేక,
నడుమ మా తువ్వాల మూట.
నుస్రత్ మేడం సన్న లైటు పెట్టి చూసింది.
"ముందు పండ్లు మంచిగనే ఉన్నయి.
మీకు కనబడేటియి అవే గద.
ఎనుక దవడ చూడున్రి."
చూసిన.
ఒక పన్ను నిలువున పగిలింది.
పక్కది ములుకు దేలి
నాలుకను గీసింది.

"దీని పండ్లు సచ్చేదాక పెరుగుతనే ఉంటయి.
గట్టిది పెడితే దవడ రోకలి లెక్క పడ్తది,
పన్ను పగుల్తది గాని అరగది.
గడ్డి పోచ అట్ల కాదు.
పక్కకు పోవాలె, రావాలె,
పోవాలె, రావాలె..."
ఆమె చెయ్యి గాలిల అటు ఇటు కదిలింది.

నలభై ఏండ్లు నాడె ఇసిరినోన్ని.
ఆమె మాట అయిపోకముందే
నా చేతులకు తెలిసింది.
పన్నెల ఒక్క పుల్ల వంగితే
గుడ్డ పొడుగూత గీత పడ్తది.
ఎంత గట్టిగ గుద్దినా ఆ గీత పోదు.

మత్తిచ్చి అరగదీసింది.
లోపల సన్న మర చప్పుడు.
కిలోన్నర ఉండాల్సింది
కిలో నూరు గ్రాములకు దిగిందట.
బయట బల్ల మీద కూసోని
నా కుడి దవడ పన్నును నాలుకతోని తడిమిన.
పోయినేడు నుంచి సలుపుతుంది.
ఎవ్వలికి చెప్పలే.

"అయిపోయిందనుకోకండ్రి,
రెండు నెలలకు మళ్ళ పట్టుకరాండ్రి."

ఇప్పుడు తెల్లారకముందే కొడవలి పట్టి
ఉర్సు గుట్ట దిక్కు పోతున్న గరికెకు.
"బర్రె కొన్నవా సదానందం?" అంటరు.
కుందేలుకంటే నమ్మరు.
మోపెడు తెస్తే పూటకు గిన్ని పోచలు తగ్గుతయి.
మొదటి వారం వాసన కూడ చూడలే.
గట్టి బిళ్ళల కోసం
డబ్బా ఉన్న అరుగు మీదికే మెడ సాపింది.
రుత్విక ఏడ్చింది గాని
డబ్బా మాత్రం తీయలే.
తొమ్మిదో నాడు
ఒక పోచ కొస మెల్లగ లోపలికి పోయింది.

నిన్న ఓదెలు వచ్చిండు.
అలవాటుగ చెయ్యి జేబులకు పోయింది.
రుత్విక చూసింది.
చెయ్యి ఆడనే ఆగింది.
కొంచెం సేపు ఏం తోచనట్టు నిలబడి
ఆ మక్కలు ఒక్కొక్కటే
తన నోట్లనే ఏసుకున్నడు.

కటుక్.

దూది చెవులు నిక్కినయి.
నోట్ల సగం పోచ అట్లనే ఉంది.
ఆ దిక్కు చూసింది చాన సేపు.
మళ్ళ దవడ
అటు, ఇటు.